మెట్ల డాక్టరమ్మ

సోమవారం పొద్దున పదిన్నరకి, బయట వాన దంచి కొడుతుండగా, మానసిక వైద్యశాల రెండో అంతస్తులోని ఓపీ గది తలుపు తట్టకుండానే తెరుచుకుంది.

లోపలున్న కుర్ర డాక్టరు తలెత్తాడు. చదువులో మెడల్ కొట్టినందుకు ఆస్పత్రి మొత్తం అతన్ని గోల్డ్ మెడల్ అనే పిలుస్తుంది. ఎదురుగా కాదులెండి, వెనకాల. ఆ సంగతి అతనికి తెలుసు, లోలోపల ఇష్టం కూడా.

గుమ్మంలో ఒకమ్మాయి నిలబడి ఉంది. జుట్టు కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి, చెప్పులు పచపచమంటున్నాయి. భుజాన బరువైన సంచి. చేతిలో మాత్రం ప్లాస్టిక్ కవరులో పదిలంగా చుట్టిన ఫైలు. మనిషి నిలువెల్లా తడిసింది గానీ ఫైలు మీద చుక్క పడలేదు.

“పేషెంట్లు టోకెన్ తీసుకుని రావాలండి,” అన్నాడు.

“నేను పేషెంటును కాదు, డాక్టర్ని. కింద మెట్ల పక్కన కమ్యూనిటీ యూనిట్ అని ఒక గది ఉంది, ఎప్పుడైనా చూశారా?”

“చూశాను. స్టోర్ రూమ్ అనుకున్నాను.”

మూలనున్న నర్సు గబుక్కున మొహం గోడవైపు తిప్పుకుంది. వచ్చినావిడ కుర్చీ లాక్కుని కూర్చుని, చేతులు తుడుచుకుని, ఫైలు తెరిచింది.

“ఈ టైలర్ గారికి మూడు నెలల్లో మూడుసార్లు డోసు పెంచింది మీరేనా?”

“నేనే. గోడలోంచి గొంతు వినిపిస్తోందన్నాడు. లే, వంగు, చెయ్యెత్తు అని ఆర్డర్లు వేస్తోందట. మూడేళ్ళ కింద వచ్చిన జబ్బే తిరగబెట్టింది. టెక్స్ట్ బుక్ కేసు.”

“ఏ గోడ?”

“ఏంటి?”

“గదికి నాలుగు గోడలుంటాయి కదండీ. ఏ గోడలోంచి?”

అతనికి నవ్వొచ్చింది. “ఏ గోడైతే ఏంటండీ? లేని గొంతుకి అడ్రసు కూడా కావాలా?”

“పోనీ, ఏ టైముకి వినిపిస్తుందో అడిగారా?”

గోల్డ్ మెడల్ ఫైలు తన వైపు తిప్పుకున్నాడు. ఫైల్లో జబ్బు పేరుంది, మందు పేరుంది, అతని అందమైన సంతకం మూడుచోట్ల ఉంది. టైము మాత్రం ఎక్కడా లేదు.

“నేను చెప్తాను వినండి. పొద్దున ఆరింటికి మొదలై, ఏడింటికి ఆగిపోతుందట. నిన్న వాళ్ళక్క చెప్పింది. అన్నట్టు, ఆదివారం రాదట. ఆదివారం సెలవు తీసుకునే జబ్బు మీ టెక్స్ట్ బుక్కులో ఏ పేజీలో ఉందో చెప్తే నేనూ చదువుకుంటాను.”

ఈసారి నర్సు మొహం తిప్పుకోవడం కూడా మానేసి, ట్రే తీసుకుని బయటికే వెళ్ళిపోయింది.

“రేపు పొద్దున ఆయనింటికి వెళ్తున్నాను. మీరూ రండి.”

“వార్డు డాక్టర్లు ఇళ్ళకి వెళ్ళరండి.”

“డోసుని మాత్రం పంపిస్తారు,” అంది ఆమె లేచి. టేబుల్ మీద ఉన్న అతని ప్రిస్క్రిప్షన్ కాగితమే తీసుకుని, దాని వెనక అడ్రసు రాసి, పెన్ను కింద పెట్టి వెళ్ళిపోయింది. కుర్చీలో చిన్న మడుగు మిగిలింది.

గోల్డ్ మెడల్‌కి ఒళ్ళు మండిపోయింది. ఎంత మండిందంటే, తర్వాత వచ్చిన పెద్దాయన్ని వయసెంత అని మూడుసార్లు అడిగాడు.

“ఎవరు సిస్టర్ ఈవిడ?” అన్నాడు నర్సు తిరిగొచ్చాక, ఏదో మాటవరసకి అడిగినట్టు.

“మెట్ల డాక్టరమ్మ సార్. ఊళ్ళో లిఫ్టు లేని ఇళ్ళన్నీ ఆవిడవే. వచ్చి ఎనిమిది నెలలైంది. కాలు ఒకచోట నిలవదు.”

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ ఆస్పత్రికి పెద్ద డాక్టరు ఎవరో కాదు, మన గోల్డ్ మెడల్ కన్నతల్లి. ముప్పై ఏళ్ళ సర్వీసు, గీత గీసినట్టుండే మనిషి. ఆస్పత్రిలో కొడుకైనా సరే మేడమ్ అనాల్సిందే. తండ్రి చిన్నప్పుడే పోతే అటు వార్డునీ ఇటు పిల్లాడినీ ఒంటిచేత్తో పెంచింది. ఆవిడ నోట ‘బాగా చేశావు’ అనే మాట వినడానికి అతను చిన్నప్పటినుంచీ పడని పాట్లు లేవు. మెడల్ కూడా అందుకోసం కొట్టిందే.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడే కదిపింది. “గురువారం కమిటీ మీటింగ్ గుర్తుందిగా. వార్డు తరఫున మాట్లాడేది నువ్వే. ఆ కమ్యూనిటీ యూనిట్ మూసేసి నలుగురు స్టాఫునీ వార్డులో వేస్తే మనకి మనుషులు కలిసొస్తారు. స్లయిడ్లు అయ్యాయా?”

“ఇరవై రెండు అయ్యాయమ్మా.”

“మరీ ఎక్కువ. కమిటీవాళ్ళు కునుకు తీస్తారు.”

“యూనిట్ మూస్తే ఆ డాక్టర్ని ఏం చేస్తారు?”

“వార్డులో ఉండమంటాను. ఉండదు. వేరే ఊళ్ళో ఎవరో పిలుస్తున్నారట, వెళ్ళిపోతుంది. మంచి పిల్లేరా. కానీ మంచితనంతో వార్డు నడవదు.”

అతను తలూపాడు. గదిలోకి వెళ్ళి అలారం ఐదింటికి పెట్టుకున్నాడు. ఆ ఆదివారం సెలవు మాట చెప్పులో దూరిన రాయిలా గుచ్చుతూనే ఉంది.

*

తెల్లవారి టైలరు ఉండే బిల్డింగ్ ముందు గొడుగు కింద ఆమె నిలబడి ఉంది. అతన్ని చూసి ఆశ్చర్యపోయినట్టు కనిపించలేదు గానీ, గొడుగు మాత్రం చప్పున మూసేసింది.

“నాలుగో అంతస్తు,” అంది. “మెల్లగా ఎక్కండి. మెడల్ బరువు కూడా ఉంటుంది కదా.”

“ఆ పేరు మీదాకా వచ్చిందా?”

“స్టోర్ రూముల్లోకి అన్నీ వచ్చి చేరతాయండి.”

మొదటి అంతస్తులో పాలగిన్నె పట్టుకున్న ఒకావిడ ఆగి, “డాక్టరమ్మా, మావాడు పనిలో కుదిరి నేటికి నెల,” అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయింది. రెండో అంతస్తులో ఒక ముసలాయన తలుపు తీసి, అడక్కుండానే మాత్రల డబ్బా చూపించాడు. ఆమె మూత తీసి లెక్క చూసి, “శభాష్ తాతగారూ,” అంది. ఆయన గోల్డ్ మెడల్ వంక మీసం దువ్వుకుంటూ చూశాడు.

మూడో అంతస్తు దగ్గర గోల్డ్ మెడల్ రెయిలింగ్ పట్టుకుని ఆగాడు. ఆయాసం. “వీళ్ళంతా... మీ పేషెంట్లా?”

“మీ పేషెంట్లేనండి. అందరూ మీ వార్డునుంచి డిశ్చార్జ్ అయినవాళ్ళే. మీరు నెలకోసారి పది నిమిషాలు చూస్తారు. ఆ తర్వాత వాళ్ళ రోజులన్నీ ఈ మెట్ల మీదే గడుస్తాయి. నేను చూసేది ఆ రోజుల్ని.”

అతను మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాడు. వాదించడానికి ఊపిరి కూడా లేదు.

టైలరుకి యాభై దాటి ఉంటాయి. ఒకటే గది. మూలన గుడ్డ కప్పిన కుట్టుమిషను, కిటికీ పక్కన మంచం. రోజూ చీకటితోనే పనికి వెళ్ళి ఏడు దాటాక వచ్చే వాళ్ళక్క, ఇవాళ ఆగిపోయి తలుపు తీసి, ఇద్దరు డాక్టర్లని ఒకేసారి చూసేసరికి కంగారుపడి ఉన్న ఒక్క కుర్చీనే రెండుసార్లు తుడిచింది. టైలరు లేవబోయి, కాళ్ళు సహకరించక మళ్ళీ కూర్చున్నాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి. నోరు ఎండిపోయి మాట ముద్దగా వస్తోంది.

“మిషన్ ఎక్కి మూడు నెలలైంది సార్,” అంది అక్క. “సూదిలో దారం పట్టుకోలేడు. మందు తప్పకుండా వేస్తూనే ఉన్నాను, మీరు చెప్పినట్టే. ఒక్క పూట కూడా తప్పలేదు.”

మూడు నెలలు. గోల్డ్ మెడల్‌కి ఆ లెక్క విడమరిచి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆరు కావడానికి రెండు నిమిషాలుంది. ముగ్గురూ మంచం వెనకున్న గోడ వంక చూస్తూ కూర్చున్నారు. టైలరు మాత్రం తల దించుకున్నాడు. తన అవమానాన్ని చూడ్డానికి జనం వచ్చినట్టుంది ఆయనకి.

ఆరైంది.

“లేవండి,” అంది గోడ.

గోల్డ్ మెడల్ గబుక్కున మిగతా ముగ్గురి నోళ్ళ వంక చూశాడు.

“చేతులు పైకెత్తండి. ఇంకా పైకి. ఇప్పుడు వంగండి. వంగాలి. ఎవరు ఆగింది? నాకు కనిపిస్తూనే ఉంది.”

అతను మెడల్ కొట్టిన మెదడుని పక్కన పెట్టి, లేచి వెళ్ళి గోడకి చెవి ఆనించాడు. ఆడగొంతు, గట్టి గొంతు. ఒకటి, రెండు, మూడు అని లెక్క కూడా పెడుతోంది. వెనక్కి తిరిగి మెట్ల డాక్టరమ్మ వంక చూశాడు.

“నాకూ వినిపిస్తోంది,” అన్నాడు గుసగుసగా.

“డోసు రాయమంటారా?” అంది ఆమె.

టైలరు తలెత్తాడు. ఆయన కళ్ళలో జాలి కనిపించింది. “మీక్కూడానా సార్? భయపడకండి. మందులు వేసుకుంటే తగ్గిపోతుందంటారు,” అన్నాడు.

మెట్ల డాక్టరమ్మ ఫక్కున నవ్వబోయింది గానీ, పక్కనున్న మనిషి మొహం చూసి ఆగిపోయింది. గోల్డ్ మెడల్ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, టైలరు వణుకుతున్న చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“ఆ గొంతు నిజమేనండి. గోడకి అటువైపు ఎవరో ఉన్నారు. మీరు మూడు నెలలుగా నిజమే చెప్తున్నారు. తప్పు నాది. నేను అడగలేదు.”

టైలరు రెండో చెయ్యి చాపి గోడని తాకాడు. తర్వాత వాళ్ళక్క వైపు తిరిగి, “విన్నావా, నిజమేనట,” అన్నాడు. అక్క కొంగు నోటికి అడ్డుపెట్టుకుని ఏడ్చింది.

గోడ ఒకటే గానీ అటువైపు బిల్డింగుకి దారి వెనకవీధిలోంచి. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదు. ఇద్దరూ వెళ్ళి బెల్లు కొడితే మెళ్ళో విజిల్ వేసుకున్న ఒక పెద్దావిడ తలుపు తీసింది. రిటైరైన డ్రిల్ మాస్టారమ్మ. మూడు నెలల కింద ఈ ఇంట్లోకి మారిందట. రోజూ ఆరింటికి ఫోన్లో వీడియో పెట్టి చుట్టుపక్కల వీధుల్లోని పదకొండుమందికి ఎక్సర్‌సైజులు నేర్పుతుంది. సంగతి వినేసరికి ఆవిడ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“అయ్యో, నా గొంతు అసలే మైకు. రేపట్నుంచి ముందుగదిలో చెప్పుకుంటాను. ఆయన్ని ఒకసారి కలవనిస్తారా? నేనే క్షమాపణ అడగాలి.”

కిందికి దిగేటప్పుడు గోల్డ్ మెడల్ మెట్ల మీదే కూలబడ్డాడు. ఆమె దెప్పుతుందనుకున్నాడు. దెప్పితే బాగుండుననిపించింది. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

“మూడేళ్ళ కింద ఆయన నిజంగానే జబ్బు పడ్డాడు. అప్పుడు మీ వార్డు లేకపోతే మనిషి దక్కేవాడు కాదు. ఆ మాట నేను ఎక్కడైనా చెప్తాను. మందు ఒక్కసారిగా ఆపొద్దు. మెల్లగా పాత డోసుకి తెద్దాం. ఇద్దరం కలిసి చూద్దాం.”

“నేను ఇంత పప్పులో కాలేస్తే మీకు కోపం లేదా?”

“నిన్న బోలెడుంది. ఎనిమిది నెలల్లో వార్డులో అందర్నీ పిలిచాను, రండి చూడండి అని. వచ్చింది మీరొక్కరే.”

ఆ మాటకి అతని గుండె ఒక్కసారి లయ తప్పింది. ఏం కేసో అతనికే తెలిసిపోయింది. గురువారం సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆమె నవ్వు చూసి మింగేశాడు. అదిగో, అక్కడ చేశాడు రెండో తప్పు.

*

బుధవారం మధ్యాహ్నం మీటింగ్ కాగితం అన్ని గదులకీ వెళ్ళింది. యూనిట్ రద్దు ప్రతిపాదన. వార్డు తరఫున మాట్లాడేది ఎవరో, ఎన్ని స్లయిడ్లు చూపిస్తారో కూడా అందులో స్పష్టంగా ఉంది.

ఆమె కారిడార్‌లో ఎదురైంది. ఈసారి వాన లేదు. మొహం మాత్రం మబ్బు పట్టి ఉంది.

“ఇది మీకు ఎప్పటినుంచి తెలుసు?”

“రెండు వారాల నుంచి.”

“అంటే నిన్న పొద్దున నా పక్కన కూర్చున్నప్పుడు కూడా తెలుసు. మెట్లెక్కింది స్లయిడ్ల కోసమా? ఇరవై రెండు చేశారటగా, ఇంకోటి తక్కువైందా?”

“అది కాదండీ, నేను...”

“నిన్న మీరు ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు నాకెంత గర్వంగా అనిపించిందో తెలుసా. మన వృత్తి అంటే ఇది కదా అనుకున్నాను. వదిలెయ్యండి. నేను ఊరికి వెళ్ళేలోపు టైలర్ గారి డోసు చార్టు మీ టేబుల్ మీద పెడతాను. ఆయన్ని మాత్రం వదలకండి.”

అతను పిలిచే లోపే ఆమె మెట్లు దిగేసింది. దిగడంలో ఆమెని అందుకోవడం ఎవరి తరమూ కాదు.

*

గురువారం పదకొండింటికి మీటింగ్ హాలు నిండింది. పొడుగు టేబుల్‌కి ఆ చివర పెద్ద మేడమ్, అటూ ఇటూ కమిటీవాళ్ళు ఐదుగురు. ఆఖరి వరసలో మెట్ల డాక్టరమ్మ, పక్కన ఆమె యూనిట్ నర్సు. ఇద్దరూ సంచులతోనే వచ్చారు, ఇక్కణ్ణించి నేరుగా పేషెంట్ల ఇళ్ళకి వెళ్ళాలని.

గోల్డ్ మెడల్ లేచాడు. ఎదురుగా తల్లి. ఇన్నేళ్ళూ ఎవరి మెప్పు కోసం బతికాడో ఆవిడ. వెనక ఆ అమ్మాయి, అతని వంక కాకుండా కిటికీ వంక చూస్తోంది.

“నా స్లయిడ్లు చూపించడం లేదు,” అన్నాడు. “ఒక కేసు చెప్తాను. ఒక టైలర్ గారికి మూడు నెలల్లో మూడుసార్లు అనవసరంగా డోసు పెరిగింది. పెంచిన డాక్టరు నేను.”

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసింది.

అతను ఏదీ దాచలేదు. ఆరింటి గొంతు చెప్పాడు. ఆదివారం సెలవు చెప్పాడు. అక్కడ కమిటీవాళ్ళు నవ్వారు. టైలరు తననే ఓదార్చిన సంగతి చెప్పాడు. అక్కడ ఎవరూ నవ్వలేదు.

“అంటే వార్డు దండగ అంటారా?” అన్నాడు కమిటీలో ఒక పెద్దాయన.

“లేదు సార్. మూడేళ్ళ కింద ఆయన ప్రాణం నిలబెట్టింది వార్డే, నాకు దానికి గర్వంగా ఉంది. కానీ ప్రాణం నిలిచాక మనిషి బతకాలి కదా. కుట్టుకోవాలి, కిందికి దిగాలి, పక్కింటివాళ్ళతో మాట్లాడాలి. అది జరుగుతోందో లేదో నా గదిలో కూర్చుంటే కనిపించదు. కమ్యూనిటీ యూనిట్‌ని మనం మన పనికి తోకలా చూశాం. నేనైతే స్టోర్ రూమ్ అనుకున్నాను. మన వైద్యంలో సగం అక్కడుంది. నిన్న ఆ డ్రిల్ మాస్టారమ్మ తన శిష్యుల ట్రాక్ ప్యాంట్లు పదకొండు తీసుకెళ్ళి టైలర్ గారికి ఇచ్చింది. తొందరేం లేదు, చెయ్యి నిలిచాకే కుట్టమంది. ఆయన మిషన్ మీది గుడ్డ తీసి నూనె వేసుకున్నాడట. ఏ మాత్రతో ఈ పని జరుగుతుందో నాకు తెలీదు సార్. యూనిట్ మూయొద్దు. వార్డు డాక్టర్లందరికీ వారానికి రెండు పొద్దులు అక్కడ డ్యూటీ వెయ్యండి. మొదట నాకు వెయ్యండి.”

కూర్చున్నాడు. తల్లి వంక చూసే ధైర్యం లేదు.

“డోసు ఇప్పుడెంత?” అంది పెద్ద మేడమ్.

“ఒక మెట్టు తగ్గించాం మేడమ్. మిగతాది నెలలో.”

“తగ్గించింది ఎవరు?”

“ఇద్దరం కలిసి.”

ఆవిడ కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. “ముప్పై ఏళ్ళలో నేనెన్ని డోసులు పెంచి ఉంటానో లెక్కలేదు,” అంది కమిటీ వైపు తిరిగి. “ఏ గోడ అని నేనూ అడగలేదు. ఈ ప్రతిపాదన తెచ్చింది నేను. నేనే వెనక్కి తీసుకుంటున్నాను. డ్యూటీ లిస్టులో మొదటి వారం నాకు వెయ్యండి, రెండోది ఆ డాక్టరుకి.” చూపు కొడుకు వైపు తిప్పింది. “ఆ డాక్టరు నా కొడుకు. ఆ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. ఈ గదిలో ఆ మాట నేను పైకి అనడం మాత్రం ఇదే మొదటిసారి.”

గోల్డ్ మెడల్‌కి ఎదురుగా ఉన్న గ్లాసు మసకబారింది. మంచినీళ్ళు తాగుతున్నట్టు నటించి కళ్ళు తుడుచుకున్నాడు.

*

అందరూ వెళ్ళాక కారిడార్‌లో ఆమె ఒక్కతే ఉంది. బయట సన్నగా జల్లు మొదలైంది.

“నిన్న మిమ్మల్ని చాలా మాటలన్నాను,” అంది.

“అన్నవన్నీ సరైనవే. మంగళవారం దాకా ఆ స్లయిడ్లని నేను నమ్మాను. ఆ మెట్ల మీదే మీకు చెప్పాల్సింది. భయపడ్డాను.”

“దేనికి?”

“మీరు మళ్ళీ పిలవరేమోనని.” అతను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. “నాకు మీరంటే ఇష్టమండి. యూనిట్ నిలిచిందని చెప్పట్లేదు. మూసేసినా చెప్పేవాణ్ణి. కాకపోతే మీ బస్సు వెనక పరిగెత్తాల్సొచ్చేది.”

“మూడంతస్తులకే ఆయాసపడ్డారు. బస్సు అందేది కాదు.”

“అంటే ఏం చెప్తున్నట్టు?”

ఆమె నవ్వడం మానేసి అతని వంక సూటిగా చూసింది. “ఎనిమిది నెలల్నుంచి నా పని గురించి ఈ ఆస్పత్రిలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఇవాళ మీరు మాట్లాడుతుంటే మా నర్సు ఏడ్చేసింది. నేను ఏడవలేదు. తలెత్తుకుని కూర్చున్నాను. నా పనిని చూసి గర్వం, ఆ చెప్పే మనిషిని చూసి ఇంకా గర్వం. యూనిట్ పోయినా ఈ రోజు నాకు మిగిలేది. మీరంటే నాకూ ఇష్టమే. మంగళవారం నుంచే. బుధవారం ఒక్కరోజు సెలవు తీసుకుందంతే.”

గోల్డ్ మెడల్ ఏదో అనబోయేలోగా వెనక నుంచి గొంతు సవరించుకున్న చప్పుడు. పెద్ద మేడమ్. ఎంతసేపటి నుంచి నిలబడిందో దేవుడికే తెలియాలి.

“ఏమ్మా, మావాడు నీ యూనిట్‌కి పనికొస్తాడా?”

“ట్రైనింగ్ ఇస్తే పనికొస్తారు మేడమ్,” అంది ఆమె, తడబడకుండా.

“మొండివాడు. తప్పు ఒప్పుకోవడం ఇవాళే చూశాను. వాడి కేసు హిస్టరీ మొత్తం నా దగ్గరుంది. ఇంటికొస్తే చెప్తాను.”

“అమ్మా,” అన్నాడతను, చెవులు ఎర్రబడుతుండగా.

“నువ్వుండరా. ఇవాళ నువ్వు చాలా బాగా మాట్లాడావు, ఇక చాలు.” ఆవిడ ఆ అమ్మాయి చేతిలోంచి గొడుగు తీసుకుని, తెరిచి, ఆమె నెత్తిన పట్టింది. ఇద్దరూ వాకిట్లోకి నడిచారు. “చెప్పమ్మా, ఎప్పుడొస్తావు?”

ఏ మాటకైనా జవాబు నాలుక చివర పెట్టుకుని తిరిగే మనిషి ఆ అమ్మాయి. వాకిలి దాటేదాకా మాట్లాడలేదు. దాటాక మాత్రం, వెనకే తడుస్తూ వస్తున్న గోల్డ్ మెడల్‌కి కూడా వినబడేంత స్పష్టంగా అంది.

“సాయంత్రం వస్తాను, అత్తయ్యా.”